ఎరుపు దాటాక

ఇన్‌స్పెక్షన్ వచ్చిందంటే మా స్కూల్లో వస్తువులు చోటు మారేవి. ఇండియా నుంచి బోర్డు వాళ్ళు వస్తే సైన్సు స్టోర్‌రూములోని పరికరాలు బయటికొచ్చి, దుమ్ము దులిపించుకుని, ల్యాబు బల్లల మీద కూర్చునేవి. లేబర్ ఆఫీసు వాళ్ళు వస్తే అవి ఉన్న గదిలోకి మేము వెళ్ళి కూర్చునేవాళ్ళం. మేమంటే టీచర్లం. భర్తల వీసా మీద సౌదీలోని దమ్మామ్ వచ్చినవాళ్ళం. ఇఖామా అని ఈ దేశంలో ఉండటానికి ఒక కార్డు ఇస్తారు. మా కార్డుల మీద పని చేయడానికి అనుమతి లేదని అరబ్బీలో స్పష్టంగా రాసి ఉండేది. ఆ కార్డు పర్సులో పెట్టుకునే రోజూ పొద్దున్నే వ్యానెక్కి వెళ్ళి పాఠాలు చెప్పేవాళ్ళం.

హెచ్చరిక గేటు దగ్గర మొదలయ్యేది. వాచ్‌మన్ ఫోన్ చేయగానే, హైదరాబాదు నుంచి వచ్చిన ఆయా, అందరూ ఖాలా అని పిలిచే పెద్దావిడ, ఒక్కో తరగతి తలుపు తోసి 'మేడం, స్టోర్ మే మీటింగ్ హై' అనేది. అంతే. బోర్డు మీద సమీకరణం సగంలో ఉన్నా సరే, మార్కర్ అక్కడ పెట్టేసి, ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా తగిలించుకుని, మెట్ల కింది గదిలోకి నడవాలి. పిల్లలకు అంతా తెలుసు. అయినా ఒక్కరూ కిమ్మనేవాళ్ళు కాదు. పుస్తకాలు తెరిచి, ఎవరూ లేని కుర్చీ వైపు చూస్తూ బుద్ధిగా కూర్చునేవాళ్ళు.

దారిలో ఎవరైనా ఎదురుపడి ఆపితే ఏం చెప్పాలో కూడా ప్రిన్సిపాల్ మేడం నేర్పించింది. నేను టీచర్ని కాదు, తల్లిని, మా పాప మార్కులు కనుక్కోవడానికి వచ్చాను. ఈ మాటను ఇంగ్లీషులో ఒకసారి, అరబ్బీలో ఒకసారి స్టాఫ్ మీటింగులో అందరిచేతా వల్లె వేయించింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినదాన్ని, బీఈడీ చేసినదాన్ని, నేను టీచర్ని కాదు అని గొంతు కలిపి చెప్పాను. ఒళ్ళు మండిపోయింది. పక్కనున్న గుంటూరు లెక్కల టీచరు మాత్రం శ్రద్ధగా ఉచ్చారణ సరిచేసుకుంది. ఆవిడ భర్తకు ఉద్యోగం పోయి కొన్నాళ్ళయింది. ఇల్లు ఆవిడ జీతం మీదే నడుస్తోంది. అందుకని ఆవిడను ఏమీ అనలేను, అనలేదు కూడా.

ఆ రోజుల్లో దమ్మామ్‌లో రంగుల గోల ఎక్కువగా ఉండేది. నితాకాత్ అనే కొత్త చట్టం వచ్చాక ప్రతి కంపెనీకీ ఒక రంగు అంటుకుంది. సౌదీ వాళ్ళకు తగినన్ని ఉద్యోగాలిచ్చిన కంపెనీ ఆకుపచ్చ. ఇంకా మెరుగైతే ప్లాటినం. తక్కువైతే పసుపు. మరీ తక్కువైతే ఎరుపు. ఎరుపులో పడ్డ కంపెనీ తన మనుషుల ఇఖామాలు రెన్యువల్ చేయించలేదు. కూరగాయల దుకాణంలో కలిసిన తెలుగువాళ్ళు బాగున్నారా అని అడగడానికి ముందే మీ కంపెనీ ఏ రంగు అని అడిగేవాళ్ళు. మా ఆయన ఆయిల్ సర్వీసు కంపెనీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. ఆ కంపెనీ చూస్తుండగానే పసుపులోంచి ఎరుపులోకి జారింది. ఆకుపచ్చలో ఉన్న ఇంకో కంపెనీకి మారడానికి ఆయన కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు.

దాని మీద ఫ్యామిలీ లెవీ వచ్చి పడింది. భార్యకు ఇంత, ఒక్కో బిడ్డకు ఇంత అని తలకు లెక్కగట్టి, ఇఖామా రెన్యువల్ కంటే ముందే ఏడాదిది మొత్తం కట్టాలి. పోను పోను పెరుగుతుందని కూడా చెప్పేశారు. దాంతో కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేయడం మొదలుపెట్టాయి. ఆడవాళ్ళకూ పిల్లలకూ మళ్ళీ రావడానికి వీల్లేని ఎగ్జిట్ వీసా కొట్టించి పంపించి, మగవాళ్ళు బ్యాచిలర్ గదుల్లోకి మారిపోయేవాళ్ళు. నా పదో తరగతిలో ప్రతి సెలవుల తర్వాతా ఒక బెంచీ ఖాళీ అయ్యేది. వెళ్ళిపోయే పిల్ల ముందు రోజు అందరికీ చాక్లెట్లు పంచేది. పుట్టినరోజుకి పంచినట్టే పంచేది. ఆ చాక్లెట్లు నేను ఎప్పుడూ తినలేదు, బ్యాగులో వేసుకునేదాన్ని.

వస్తువుల సంగతికి వస్తాను. ఒకరోజు స్టోర్‌రూములో మామూలుకన్నా ఎక్కువసేపు కూర్చోవలసి వచ్చింది. ఫ్యాను లేదు. ఏసీ లేదు. తక్కినవాళ్ళు దుపట్టాలతో విసురుకుంటూ ఫోన్లు ఆపి కూర్చున్నారు. ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు. పక్కన ఒక అట్టపెట్టె ఉంది. దాని మీద, ల్యాబు పరికరాలు తయారయ్యే అంబాలాలో వేసిన టేపు వేసినట్టే ఉంది, ఎవరూ విప్పలేదు. జడపిన్ను తీసి టేపు కోశాను. లెక్కల టీచరు కళ్ళతోనే వద్దంది. లోపల దూదిలో చుట్టిన గాజు ప్రిజం, గొట్టాల్లో థర్మామీటర్లు, అయస్కాంతాలు, తీగ చుట్టలు ఉన్నాయి. బోర్డు వాళ్ళు వచ్చినప్పుడు బల్ల మీద పెట్టేవి పై వరసలోవి మాత్రమే. కిందివాటికి ఆ భాగ్యం కూడా లేదు. ఆ చీకట్లో ప్రిజం పట్టుకుని కూర్చుంటే నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత కోపం వచ్చింది. కోపమే మిగిలింది.

ఎందుకంటే ఆ నెలంతా నేను పిల్లలకు అలాంటి పరికరాల కథలే చెబుతున్నాను.

సిలబస్‌లో లేకపోయినా పద్దెనిమిది వందల సంవత్సరం చుట్టుపక్కల జరిగిన ప్రయోగాలంటే నాకు పిచ్చి. పేర్లు, సంవత్సరాలు పిల్లలకు చెప్పేదాన్ని కాదు. పేరు చెప్పగానే దాన్ని బట్టీ పట్టి మనిషిని వదిలేస్తారు. అందుకని ఇటలీలో ఒక ప్రొఫెసర్, ఇంగ్లండులో ఒక సంగీతం మాస్టారు అని చెప్పేదాన్ని. ఆ ఇటలీ ప్రొఫెసర్ ఒక లోహం బిళ్ళ, ఇంకో లోహం బిళ్ళ, మధ్యలో ఉప్పునీళ్ళలో తడిపిన అట్టముక్క, ఇలా వరసగా పేర్చుకుంటూ పోయి, కరెంటును మొదటిసారి ఆగకుండా పారించాడు. దాన్ని మేము తరగతిలో చేసి చూశాం కూడా. జింకు పూత వాషర్లు మా ఆయన తెచ్చాడు, రాగి రేకు ముక్కలు నేను కత్తిరించాను, ఒక చిన్న ఎర్ర బల్బు వెలిగింది. పిల్లలు ఆ పూటంతా దాన్ని ఆర్పనివ్వలేదు.

భూమిని తూచిన మనిషి కథ వాళ్ళకు ఇంకా ఇష్టం. బోలెడు డబ్బున్నవాడు, మనుషులంటే సిగ్గు, అందులోనూ ఆడవాళ్ళంటే మరీ సిగ్గు. ఇంట్లో పనిమనిషికి కూడా భోజనానికి ఏం కావాలో చీటీ రాసి పెట్టేవాడు. అతను ఒక మూసిన గదిలో సీసపు గోళాలు వేలాడదీసి, తన ఒంటి వేడికి గాలి కదులుతుందని బయటే నిలబడి, గోడకు చేసిన కన్నంలోంచి దుర్బిణితో చూస్తూ, భూమి ఎంత బరువో తేల్చాడు. మా పిల్లలు పడి పడి నవ్వారు. ఆడవాళ్ళకు కనబడకుండా దాక్కున్న మగవాడు ఒకడు చరిత్రలో ఉన్నాడంటే వాళ్ళకు ఎంతో బాగుంది.

మూడోది సంగీతం మాస్టారి కథ. చర్చిలో వాయిద్యం వాయించుకుంటూ, రాత్రుళ్ళు సొంతంగా అరగదీసుకున్న అద్దాలతో ఆకాశం చూసేవాడు. అద్దం అరగదీసేటప్పుడు చేతులు తీయకూడదు కాబట్టి చెల్లెలు నోట్లో ముద్దలు పెట్టేది. ఆ చెల్లెలు తర్వాత తనంతట తాను తోకచుక్కలు కనిపెట్టింది. రాజుగారు ఆమెకు జీతం కూడా ఇచ్చాడు. జీతం మాట చెప్పినప్పుడు నా గొంతు కొంచెం పెరిగిందని పిల్లలు తర్వాత అన్నారు. ఆ అన్న ఒకరోజు ఎండను ప్రిజం గుండా పంపి, ఒక్కో రంగులో ఎంత వేడి ఉందో థర్మామీటర్లు పెట్టి చూశాడు. నీలంలో తక్కువ, పసుపులో ఎక్కువ, ఎరుపులో ఇంకా ఎక్కువ. ఎరుపు అయిపోయిన చోట, ఏ రంగూ లేని చోట, ఒకటి పెట్టాడు. అది అన్నిటికన్నా ఎక్కువ ఎక్కింది.

ఇక్కడికి వచ్చేసరికి ముందు బెంచీలో కూర్చునే కడప పిల్ల చెయ్యెత్తింది. వాళ్ళ నాన్న డ్రైవరు. బక్కగా ఉంటుంది, కళ్ళజోడు, మాట మాత్రం సూటిగా వస్తుంది.

"మిస్, అది మీరు చూసినారా?"

చూడలేదన్నాను. హనుమకొండలో చదివినప్పుడు మా ప్రిజం బీరువాలోనే ఉండేది, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుండేదో కాలేజీ అయిపోయేదాకా తెలియలేదు.

"అయితే మనం చూద్దాం మిస్. నేను ఈ టర్మ్ అయిపోతానే ఎగ్జిట్ పోతాండా. మళ్ళా యాడ చూసేది?"

నేను కూడా ఆ ఏడాది చివర్లో పిల్లలను తీసుకుని వెళ్ళిపోవలసినదాన్నే. తొమ్మిదేళ్ళు టీచరుగా చేసి, నేను టీచర్ని కాదు అనే మాట ఒక్కటే ఈ దేశంలో గట్టిగా చెప్పి పోతానా అనిపించింది. పోను అనుకున్నాను. ఆ ప్రయోగం చేసి చూపించే పోతాను అనుకున్నాను.

ప్రిన్సిపాల్ మేడంని అడిగాను. బోర్డు పరీక్షలు దగ్గరికొస్తున్నాయని, సిలబస్‌లో లేనిదానికి పీరియడ్లు ఇవ్వలేనని, కావాలంటే ఒక చార్ట్ గీయించి గోడకు పెట్టించమని అంది. పరికరాలు పగిలితే మేనేజ్‌మెంటుకి ఎవరు జవాబు చెబుతారని కూడా అంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. పైవాళ్ళకు భయపడే మనిషి, అంతే. టీచర్లుగా పనిచేయడానికి మాలాంటివాళ్ళకు ప్రభుత్వం అనుమతి ఇస్తోందని, దానికి స్కూలు ఫీజు కట్టి దరఖాస్తు చేస్తే చాలని అందరికీ తెలుసు. మేనేజ్‌మెంటు కొందరికే చేయించింది. తక్కినవాళ్ళం ప్రాసెస్‌లో ఉన్నామని ఆవిడే ప్రతి నెలా చెప్పేది.

తర్వాతి మీటింగులో, అంటే స్టోర్‌రూము మీటింగులోనే, ప్రిజంనూ నాలుగు థర్మామీటర్లనూ అబాయా కింద పెట్టుకుని బయటికొచ్చాను. దొంగతనం అంటారా, అనుకోండి. నన్ను దాచిన గదిలోంచి వాటిని విడిపించుకొచ్చానని నేననుకున్నాను.

నీళ్ళ సీసాలొచ్చే అట్టపెట్టె తీసుకుని, పై అంచున గాటు పెట్టి ప్రిజం బిగించాం. అడుగున తెల్ల కాగితం పరిచాం. థర్మామీటర్ల కొనలు నల్లగా ఉంటే వేడిని బాగా పడతాయి. నలుపు ఎక్కడ తెస్తామని నేను ఆలోచిస్తుంటే, కడప పిల్ల బ్యాగులోంచి కాటుక తీసింది. స్కూలుకి కాటుక తేవడం నిషేధం. నేను చూడనట్టు ఊరుకుని, నాలుగు కొనలకూ దిట్టంగా పూయమన్నాను. చలికాలం మొదట్లో మా తరగతి కిటికీలోకి ఎండ ఏటవాలుగా వచ్చేది. పెట్టెను బల్ల మీద పెట్టి తిప్పుతూ ఉంటే కాగితం మీద రంగులు పడ్డాయి. కొంచెం మసకగా ఉన్నాయి, అయినా రంగులే. నీలంలో ఒకటి, పసుపులో ఒకటి, ఎరుపు అవతల ఒకటి, పోల్చుకోవడానికి పక్కన నీడలో ఇంకొకటి పెట్టాం.

నీలంలోది కొంచెం ఎక్కింది. పసుపులోది ఇంకొంచెం. ఎరుపు అవతలది నీడలో ఉన్నదానితో పాటు అక్కడే కూర్చుంది. పీరియడ్ అయిపోయింది. పక్క తరగతి పిల్లలు తలుపు దగ్గర నిలబడ్డారు. మావాళ్ళు నా మొహం వైపు చూడటం మానేశారు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. మర్నాడు మళ్ళీ చేశాం, మళ్ళీ అంతే. రెండు వందల ఏళ్ళ కింద పోయిన ఆ సంగీతం మాస్టారిని మనసులో నానా మాటలూ అన్నాను.

తప్పు ఎక్కడుందో స్లిప్ టెస్టు రోజున తెలిసింది. పిల్లలు రాస్తుంటే కిటికీ గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. మణికట్టు మీద ఒకచోట చురుక్కుమంది. చూస్తే సన్నని ఎండ చార. కిటికీ చట్రం పక్కన ఫిలిం లేచిపోయిన చోట నుంచి పడుతోంది. చెయ్యి కాస్త జరిపాను. అక్కడా ఎండే, వెలుగుంది, కానీ చురుకు లేదు. మళ్ళీ చార కిందికి తెచ్చాను. చురుక్కుమంది.

అప్పుడు నన్ను నేనే తిట్టుకుంటూ నవ్వుకున్నాను. ఆడపిల్లల సెక్షన్ రోడ్డువైపు ఉంది కాబట్టి, బయటివాళ్ళకు లోపల కనబడకూడదని కిటికీలన్నిటికీ వెండిరంగు ఫిలిం అంటించారు. ఎండ వేడి రాకుండా ఆపడం కూడా దాని పనే. మేము ఏ వేడి కోసం వెతుకుతున్నామో సరిగ్గా దాన్నే అది బయట ఆపేస్తోంది. ఈ పొరపాటు ఎవరు చేస్తారు? మాలాంటివాళ్ళమే చేస్తాం. నేనుండే ఫ్లాటు కిటికీలకు రేకు కాగితం, స్కూలు వ్యానుకు నల్ల ఫిలిం, తరగతికి ఇది. ఇన్నేళ్ళుగా దాని వెనకే బతికి, అదే అద్దం అనుకున్నాను. ఆ మాస్టారి ఇంటి కిటికీకి ఫిలిం లేదని పుస్తకంలో ఎవరు రాస్తారు?

మర్నాడు బల్ల మీద కుర్చీ వేసి ఎక్కాను. కిటికీ పై పలకలో, రోడ్డు మీది మనిషి తలెత్తినా లోపల ఎవరూ కనబడనంత ఎత్తులో, అరచేయంత మేర ఫిలిం తీయాలి. ఒక పిల్ల గోళ్ళరంగు తుడిచే మందు ఇచ్చింది, అది కూడా నిషేధమే. ఇంకో పిల్ల స్టీలు స్కేలు అందించింది. నలుగురు కుర్చీ పట్టుకున్నారు. గీకుతుంటే వెండిరంగు పొర చుట్టలు చుట్టుకుంటూ జుట్టులో పడింది. చదరంగా ఒక ముక్క ఊడిరాగానే తరగతిలోకి ఎండ పడింది. ఆ గది కట్టిన తర్వాత అదే మొదటి ఎండ అనుకుంటాను. మేనేజ్‌మెంటు ఆస్తి పాడు చేశావని అంటే ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు.

ఇంట్లో మాత్రం చెప్పాను. మా ఆయనకు ఫిలిం మీద పేచీ లేదు. ఆయన భయం వేరే.

"ఆ స్కూల్ల ఎప్పుడో ఒకనాడు దొరుకుతవ్. దొరికితే తల్లినని చెప్పు. నా ట్రాన్స్‌ఫర్ కాయితాలు లేబర్ మక్తబ్‌ల ఉన్నయ్. నీ మీద కేసు రాస్తే అది ఆగుతది. ఏలిముద్రలు తీస్కొని పంపిస్తే మల్ల ఈ దేశం మొఖం చూడలేం."

సరే అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

మర్నాడు పొద్దున ఆకాశం నిర్మలంగా ఉంది. దుమ్ము లేదు. పెట్టెను ఆ చదరపు ఎండలో పెట్టగానే కాగితం మీద రంగులు ముందెప్పుడూ లేనంత గట్టిగా పడ్డాయి. కాటుక పూసిన కొనలు సర్ది పెట్టాం. ఎండ ఆ చదరంలోంచి నేరుగా పడేది కొంచెంసేపే, సూర్యుడు జరుగుతున్న కొద్దీ పెట్టెను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ ఉండాలి. వదిలేస్తే రంగులు జరిగిపోయి, ఎరుపు అవతల పెట్టింది ఎరుపులోకి వచ్చేస్తుంది. అప్పుడు మళ్ళీ మొదటికే. నేను రెండు చేతులతో పెట్టె పట్టుకుని ఉన్నాను. పాదరసం కదులుతోందని కడప పిల్ల మెల్లగా చెప్పింది.

సరిగ్గా అప్పుడే ఖాలా తలుపు తోసింది. స్టోర్ మే మీటింగ్ హై. ఈసారి గొంతులో కంగారు ఉంది, వాళ్ళు గేటు దాటి లోపలికి వచ్చేశారట. వెనకే లెక్కల టీచరు, అబాయా గుండీలు పెట్టుకుంటూ తలుపు దగ్గర ఆగింది.

"రండీ, ఇంకా నిలబడతారేంటి?"

"మీరు పోండి. నేను రాను."

"మీరు వెళ్ళిపోయేవారు, మీకేం. మా అందరికీ ఎసరు పెట్టకండీ."

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆవిడకు నా మీద కోపం రావడం న్యాయమే. మా ఆయన కాగితాలు గుర్తొచ్చాయి. చేతులు పెట్టె మీదే ఉన్నాయి. కడప పిల్ల దగ్గరికొచ్చి నా చేతుల పక్కన తన చేతులు పెట్టింది.

"మీరు పోండి మిస్. నేను పట్టుకుంటా. ఏం కదలనీను."

ఆ పిల్ల అలా అనకపోతే వెళ్ళేదాన్నేమో, ఇప్పటికీ తెలియదు. ఆ వయసు పిల్ల నన్ను దాక్కోమని, నా పని తాను చేస్తానని అంటుంటే నాకు తల తీసేసినట్టయింది. వద్దన్నాను. రీడింగులు చూస్తూ ఉండమన్నాను. లెక్కల టీచరు వెళ్ళిపోయింది.

వచ్చింది ఒక సౌదీ అమ్మాయి. ఆడపిల్లల సెక్షన్ కాబట్టి మొహం మీది నఖాబ్ పైకి తీసి ఉంది, చేతిలో టాబ్లెట్ ఉంది. నాకన్నా పదేళ్ళయినా చిన్నది. వెనక ప్రిన్సిపాల్ మేడం. నన్ను చూడగానే మేడం మొహం తెల్లబోయింది. వెంటనే తేరుకుని, నవ్వుతూ, ఇంగ్లీషులో తనే చెప్పేసింది. ఈమె ఒక పేరెంట్ అని, పిల్లలకు ఏదో ప్రాజెక్టులో సాయం చేయడానికి వచ్చిందని. నా తరఫున అబద్ధం కూడా ఆవిడే ఆడిపెట్టింది. నేను తలాడిస్తే చాలు, నోరు కూడా తెరవక్కరలేదు.

ఆ అమ్మాయి మేడం వైపు చూడలేదు. నన్నే అడిగింది, మెల్లగా, నాకు అర్థమయ్యే అరబ్బీలో. తల్లివా, టీచరువా?

తరగతిలో పిల్లలందరూ నన్ను చూస్తున్నారు. తొమ్మిదేళ్ళుగా ఖాలా పిలిచినప్పుడల్లా నేను ఖాళీ చేసి వెళ్ళిన కుర్చీ పక్కనే ఉంది.

"అనా ముఅల్లిమా," అన్నాను. నేను టీచర్ని.

ఇఖామా అడిగింది. చేతులు పెట్టె మీంచి తీయకుండా, బ్యాగులో ఉందని గడ్డంతో చూపించాను. ఒక పిల్ల తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి దాన్ని చూసి టాబ్లెట్‌లో ఎక్కించుకుంటూ, అలవాటు కొద్దీ పైకే చదువుకుంది. నా పేరు, మా ఆయన కంపెనీ, ఆ తర్వాత ముఅల్లిమా. ఆ దేశంలో నా పేరు పక్కన ఆ మాట పెట్టి ఎవరైనా చదవడం అదే మొదలు, అదే ఆఖరు. భయంతో పాటు గర్వం కూడా వచ్చింది. ఎందుకు రాకూడదు?

తర్వాత పెట్టె దగ్గరికి వచ్చి ఇదేమిటని అడిగింది. మా పిల్లలకు అరబ్బీ ఒక సబ్జెక్టు. కడప పిల్ల వచ్చీరాని అరబ్బీలో, చేతుల సాయంతో, రంగుల్లో ఉన్నవాటిని, రంగు లేని చోట ఉన్నదాన్ని చూపించి, ఇది అన్నిటికన్నా ఎక్కువ అంది. నేను అప్పటిదాకా చూడనే లేదు. వంగి చూశాను. నిజంగానే ఎక్కువ. నీలం కన్నా, పసుపు కన్నా, బాగా ఎక్కువ. ఆ అమ్మాయి కూడా వంగి చూసి, వేలితో ఆ ఖాళీ కాగితాన్ని ఒకసారి తాకి, పక్క తరగతికి వెళ్ళిపోయింది. పిల్లలు అప్పుడు అరిచారు. నేను ఆపలేదు.

ఆ సాయంత్రమే నన్ను రావద్దన్నారు. స్కూలుకి జరిమానా పడింది. ఆ దెబ్బకి మేనేజ్‌మెంటు తక్కిన టీచర్లందరికీ అనుమతులకు పరుగెత్తింది, టర్మ్ అయ్యేలోపు అవి వచ్చాయి కూడా. లెక్కల టీచరు ఫోన్ చేసి, ఇప్పుడు ముందు గేటులోంచే వెళ్తున్నానని చెప్పింది. థాంక్స్ చెప్పలేదు, నేను ఆశించలేదు. మా ఆయన కొన్నాళ్ళు రోజూ మక్తబ్ చుట్టూ తిరిగాడు. ఆయన భయపడ్డట్టు నన్ను వేలిముద్రలు తీసి పంపించలేదు, ట్రాన్స్‌ఫర్ ఆగలేదు, ఆలస్యమైంది. కాగితం చేతికొచ్చిన రోజు, నువ్వు మొండిదానివే అని మాత్రం అన్నాడు. నేనూ పిల్లలూ అనుకున్నట్టే ఎగ్జిట్ మీద వచ్చేశాం. కడప పిల్ల మా కంటే ముందే వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు ఇంటికొచ్చి చాక్లెట్ ఇచ్చింది. అది ఒక్కటి తిన్నాను.

హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. కరస్పాండెంటు నా డిగ్రీలు చూసి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడిగాడు. లేదన్నాను. దమ్మామ్ స్కూలుని అడిగితే, కాగితాల ప్రకారం మీరు ఇక్కడ ఎప్పుడూ పనిచేయలేదు, ఎలా ఇస్తామన్నారు.

"అంటే తొమ్మిదేండ్లు సౌదీల ఇంట్లనే ఉన్నరా మేడం?"

"లేదు సార్. టీచర్ని."

"కాయితం లేకపోతే మేం ఎట్ల నమ్మాలె?"

విప్పని పెట్టెల్లో ఏమేం ఉన్నాయో దమ్మామ్ స్కూల్లో ఎవరి దగ్గరా లెక్క లేదు కాబట్టి, ప్రిజం తిరిగి ఇమ్మని నన్ను ఎవరూ అడగలేదు. బ్యాగులోంచి ప్రిజం తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఈ కాలేజీల ఎండ నేరుగ పడే కిటికీ ఏది సార్?" అని అడిగాను.